పాత లేబుల్ మీద "క్రాసైట్" అని ఉంది. కేటలాగులో ఏ పేరు ఎక్కించాలి?

లేబుల్_లెక్కలు (గుంటూరు) | సోమవారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీ జియాలజీ మ్యూజియం ట్రేలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. నీలం ఖనిజాల ట్రేలో మూడు ముక్కల దగ్గర పని ఆగింది.

మొదటిది అరచేతి సైజు షిస్ట్ (పొరలుగా ఉండే రూపాంతర శిల) ముక్క. నలుపు అనిపించేంత ముదురు నీలం, సన్నటి పుల్లలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి, మధ్యలో తెల్లటి ఆల్బైట్ (ఒక ఫెల్డ్‌స్పార్) గింజలు. లేబుల్: "క్రాసైట్ షిస్ట్, బర్క్లీ, కాలిఫోర్నియా". దానికి పాత స్లైడు (మైక్రోస్కోప్ కింద చూసే పలచటి రాతి కోత) కూడా ఒకటి ఉంది. రెండోదానికి లేబుల్ లేదు, నీలం బూడిద రంగు, అంచు దూదిలా పీచు లేస్తోంది. మూడోదాని మీద పెన్సిల్‌తో "నీలం యాంఫిబోల్? గుంటూరు జిల్లా" అని రాసి ఉంది (యాంఫిబోల్ అంటే ఒక ఖనిజ కుటుంబం). గట్టి రాయి, మధ్యలో నీలిరంగు మచ్చలు.

ఖనిజాల జాబితాలో క్రాసైట్ అనే పేరు ఇప్పుడు లేదంటున్నారు. మరి ఏమని ఎక్కించాలి? గ్లాకోఫేన్ అనా, రీబెకైట్ అనా? స్లైడు చూసి తేల్చవచ్చా, ఎలక్ట్రాన్ ప్రోబ్‌కి (కిరణంతో కూర్పు కొలిచే యంత్రం) పంపాల్సిందేనా?

---

పెట్రో_పంతులు | సోమవారం, ఉదయం 11:25

ముందుగా ఒక మాట. రెండో ముక్కను ఇంకోసారి చేత్తో ముట్టకండి, గోటితో గీకి చూడకండి. జిప్ కవర్లో పెట్టి మూసి పక్కన ఉంచండి. దాని సంగతి తర్వాత.

ఇక పేరు. 1894లో చార్లెస్ పలాష్ బర్క్లీ దగ్గరి రాయిలో ఈ సోడా (సోడియం) యాంఫిబోల్‌ను వర్ణించి, అమెరికా జియలాజికల్ సర్వేలో పనిచేసే విట్‌మన్ క్రాస్ పేరు పెట్టాడు. అంటే మీ దగ్గరున్న ముక్క ఆ పేరు పుట్టిన ప్రాంతం నుంచే వచ్చింది. మామూలు ట్రే సరుకు అనుకోకండి.

సోడియం యాంఫిబోల్ వరుసలో ఒక చివర గ్లాకోఫేన్: సోడియం 2, మెగ్నీషియం 3, అల్యూమినియం 2, సిలికాన్ 8, ఆక్సిజన్ 22, హైడ్రాక్సిల్ 2. ఇంకో చివర రీబెకైట్: అదే చట్రం, మెగ్నీషియం చోట ఫెర్రస్ ఇనుము 3, అల్యూమినియం చోట ఫెర్రిక్ ఇనుము 2. రెంటి నడుమ పడేవాటిని క్రాసైట్ అనేవారు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది మనిషికో తీరుగా ఉండేది. 1978లో బెర్నార్డ్ లీక్ ఆధ్వర్యంలో వచ్చిన అంతర్జాతీయ నామకరణం దానికి గీతలు గీసింది: ఫెర్రిక్ ఇనుమును, ఫెర్రిక్ ఇనుము + ఆరు బంధాల (చుట్టూ ఆరు ఆక్సిజన్లు ఉన్న) అల్యూమినియం మొత్తంతో భాగిస్తే 0.3 లోపు గ్లాకోఫేన్, 0.3 నుంచి 0.7 దాకా క్రాసైట్, 0.7 దాటితే రీబెకైట్.

1997లో ఆ మధ్య గదిని ఎత్తేశారు. సరిగ్గా 0.5 దగ్గర ఒకటే గోడ. దానికి అడ్డంగా మెగ్నీషియం ఎక్కువా, ఫెర్రస్ ఇనుము ఎక్కువా అని ఇంకో గోడ. అలా నాలుగు గదులు: గ్లాకోఫేన్, ఫెర్రో-గ్లాకోఫేన్, రీబెకైట్, మెగ్నీషియో-రీబెకైట్. 2012లో హాథోర్న్ బృందం యాంఫిబోల్ పేర్లన్నీ మళ్ళీ సర్దినప్పుడూ క్రాసైట్ తిరిగి రాలేదు.

కాబట్టి పాత క్రాసైట్ అంతా ఫలానా కొత్త పేరు అని టేబుల్ చూసి మార్చేయడం కుదరదు. పాత పేరు కింద ఉన్నవి నాలుగు గదుల్లో ఎందులోనైనా పడొచ్చు.

---

ఎమ్మెస్సీ_ఫైనల్ (విజయవాడ) | సోమవారం, మధ్యాహ్నం 12:10

పంతులు గారూ, మా పాఠ్యపుస్తకంలో క్రాసైట్ ఇంకా ఉంది సార్. పరీక్షలో వస్తే ఏం రాయాలి? నెట్‌లో కొన్నిచోట్ల "అరుదైన ముదురు నీలం యాంఫిబోల్" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు.

---

పెట్రో_పంతులు | సోమవారం, మధ్యాహ్నం 12:32

గ్లాకోఫేన్-రీబెకైట్ వరుసలో మధ్య కూర్పుకు పాత పేరు, 1997లో జాతి పేరుగా రద్దయింది అని రాయి నాయనా. ఆ రెండు ముక్కలూ ఉంటే ఏ ఎగ్జామినరూ మార్కు కొయ్యడు. "అరుదైన" అన్న మాట మాత్రం వదిలెయ్. కాలిఫోర్నియా ఫ్రాన్సిస్కన్ రాళ్ళలో, జపాన్‌లో, ఆల్ప్స్‌లో ఈ మధ్య కూర్పు కావాల్సినంత ఉంది. మన తెలుగు నేల మీద కనిపించదు కాబట్టి మనకు అరుదు, అంతే.

---

కొండపల్లి_క్రోమైట్ (విజయవాడ) | సోమవారం, మధ్యాహ్నం 3:05

మూడో ముక్క గురించి. ఫోటో చూడకుండానే చెప్పొచ్చు, అది నీలం యాంఫిబోల్ అయ్యే అవకాశం చాలా తక్కువ.

గ్లాకోఫేన్ పుట్టాలంటే ఒత్తిడి బాగా ఉండాలి, వేడి తక్కువ ఉండాలి. సముద్రపు పలక చల్లగా ఉన్నప్పుడే గబగబా కిందికి దిగిపోయే చోట్ల, సుమారు 200 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ మధ్య అది కుదురుతుంది. మన చార్నొకైట్, ఖొండలైట్ కొండలు 800 డిగ్రీలు దాటి ఉడికినవి. అక్కడ గ్లాకోఫేన్ బతకదు. మన దేశంలో అసలైన బ్లూషిస్ట్ (నీలం యాంఫిబోల్ ఉన్న షిస్ట్) కావాలంటే లడఖ్‌లో సింధు సూచర్ (రెండు భూఖండాలు అతుక్కున్న గీత) వెంట షెర్గోల్ వైపు వెళ్ళాలి, లేదా నాగా కొండల ఒఫియోలైట్ (నేల మీదికి వచ్చిన సముద్రపు అడుగు రాళ్ళు) దగ్గరికి.

మన వైపు నీలంగా కనిపించి మోసం చేసేవి ఇవి. చార్నొకైట్‌లో నీలి ఛాయ క్వార్ట్జ్: క్లీవేజ్ (ఒకే దిశలో చదునుగా పగిలే గుణం) ఉండదు, చాకు మొనతో గీస్తే రాయి మీద గీత పడకపోగా ఇనుము రంగే అంటుకుంటుంది. గరీబుపేట కయనైట్: బల్లపరుపు పలకలు, పొడవు వెంట చాకుకు గీత పడుతుంది, అడ్డంగా పడదు. పాడేరు వైపు సఫిరీన్: ఇది నిజంగా అరుదైనదే, చిన్న గింజలు. ప్రకాశం వైపు ఎల్చూరు, ఉప్పలపాడు, పురిమెట్ల నెఫిలీన్ సైనైట్లు ఉన్నాయి కదా అని ఎవరైనా అంటారు. అలాంటి రాళ్ళలో తరచుగా తగిలే హేస్టింగ్‌సైట్ స్లైడులో నీలి ఆకుపచ్చగా మెరుస్తుంది, చేతిలో మాత్రం నల్లగానే ఉంటుంది. అది కాల్షియం యాంఫిబోల్, ఈ కుటుంబం కాదు.

రీబెకైట్ వేరు. దానికి అంత ఒత్తిడి అక్కర్లేదు, క్షార గ్రానైట్‌లోనూ ఇనుప రాళ్ళలోనూ వస్తుంది. స్కాట్లాండ్‌లో కర్లింగ్ ఆట రాళ్ళు చేసే ఐల్సా క్రెయిగ్ దీవి మైక్రోగ్రానైట్‌లో నీలి మచ్చలు రీబెకైటే.

అందుకే మొదటి ముక్కకు తొందరపడి "గ్లాకోఫేన్" అని ఎక్కించవద్దంటాను. ఆ పేరు చూడగానే చదివేవాడు అధిక ఒత్తిడి అనుకుంటాడు. "మెగ్నీషియో-రీబెకైట్" అని రాస్తే అంత అనుకోడు. రాయి ఒకటే, పేరును బట్టి కథ మారిపోతుంది.

---

స్లైడ్_శీను (విజయవాడ) | సోమవారం, సాయంత్రం 6:48

పాత స్లైడు ఉందన్నారు కాబట్టి ముందు దాన్నే చూడండి, డబ్బు ఖర్చు లేదు. వరుస ఇది.

మొదట మీ మైక్రోస్కోప్‌లో కింది పోలరైజర్ (కాంతిని ఒకే దిశకు కట్టేసే ఫిల్టరు) ఎటు ఉందో తేల్చుకోండి. కొన్నిట్లో తూర్పు-పడమర, కొన్నిట్లో ఉత్తరం-దక్షిణం. బయోటైట్ ఉన్న ఏదో ఒక స్లైడు పెట్టి తిప్పండి, దాని క్లీవేజ్ గీతలు పోలరైజర్ దిశతో కలిసినప్పుడు బాగా నల్లబడుతుంది. ఇది చెయ్యకుండా రాసిన ప్లియోక్రోయిజం (తిప్పినప్పుడు రంగు మారడం) నోట్సు చెత్తబుట్టకే.

తర్వాత మీ నీలం గింజను అడ్డకోతలో పట్టండి. 56, 124 డిగ్రీల దగ్గర రెండు క్లీవేజ్‌లు కలిస్తే యాంఫిబోల్. టూర్మలైన్‌కి క్లీవేజ్ ఉండదు, పైగా అది పొడవు పోలరైజర్‌కు అడ్డంగా ఉన్నప్పుడు ముదురుగా మారుతుంది. నీలం యాంఫిబోల్ పొడవు పోలరైజర్ వెంట ఉన్నప్పుడు నీలంగా కనిపిస్తుంది. ఈ ఒక్క తేడాతో సగం పొరపాట్లు పోతాయి.

ఇప్పుడు నిలువుకోతలో పొడవుగా కనిపించే గింజను పోలరైజర్‌కు అడ్డంగా తిప్పండి. గ్లాకోఫేన్ అయితే లేత ఊదా లేదా దాదాపు రంగు లేకుండా పోతుంది. రీబెకైట్ అయితే పసుపు ఆకుపచ్చ. మధ్యవాటిలో ఊదా బాగా గాఢంగా ఉంటుంది.

ఆ పైన మైక్రోస్కోప్‌లో జిప్సం ప్లేటు దూర్చండి, పొడవు వెంట కాంతి నిదానమా (లెంగ్త్ స్లో), వేగమా (లెంగ్త్ ఫాస్ట్) అన్నది తెలుస్తుంది. గ్లాకోఫేన్ ఏ నిలువు కోతలోనైనా లెంగ్త్ స్లో. రీబెకైట్ లెంగ్త్ ఫాస్ట్. పాత క్రాసైట్ కూర్పు మాత్రం ఒక గింజలో స్లో, పక్క గింజలో ఫాస్ట్ చూపిస్తుంది. కారణం: ఫెర్రిక్ ఇనుము పెరిగేకొద్దీ గ్లాకోఫేన్ 2వీ కోణం (రెండు ఆప్టిక్ అక్షాల నడుమ కోణం) తగ్గుతూ సున్నా అవుతుంది, ఆ తర్వాత అడ్డం తిరిగిన తలంలో తెరుచుకుంటుంది. ఖనిజంలో కాంతికి మూడు దిశలు: ఎక్స్ వేగం, వై మధ్యస్థం, జెడ్ నిదానం. గ్లాకోఫేన్‌లో సీ అక్షం (గింజ పొడవు) దగ్గర ఉండే జెడ్ వెళ్ళి బీ అక్షం మీద కూర్చుంటుంది, వై దాని చోటికి వస్తుంది. పొడవు వెంట వై ఉంటే, కోత ఎటు తగిలిందన్నదాన్ని బట్టి పక్క దిశ ఎక్స్ కావచ్చు, జెడ్ కావచ్చు. కనీసం పదిహేను, ఇరవై గింజలు చూసి లెక్కెయ్యండి. ఒక్క గింజ చూసి నిర్ణయానికి రావద్దు.

ఇబ్బంది ఎక్కడంటే, ఖనిజం సొంత రంగే అంత ముదురు కాబట్టి ఇంటర్‌ఫియరెన్స్ రంగు (రెండు పోలరైజర్ల నడుమ కనిపించేది) దాని వెనక దాక్కుంటుంది. తిప్పినప్పుడు గింజ పూర్తిగా చీకటి కూడా కాదు, వింత నీలం, గోధుమ రంగులు మిగులుతాయి. గింజ అంచు దగ్గర పలచబడిన చోట చూడండి. కొత్త స్లైడు చేయిస్తే మామూలు 30 మైక్రాన్లు వద్దు, 20 దాకా దించమనండి.

---

లేబుల్_లెక్కలు | మంగళవారం, ఉదయం 11:15

శీను గారూ, చెప్పినట్టే చూశాను. పోలరైజర్ తూర్పు-పడమర. అడ్డకోతల్లో 56/124 స్పష్టంగా ఉంది. పొడవు వెంట గాఢ నీలం, అడ్డంగా ఊదా, కొన్ని గింజల్లో లేత పసుపు. ఆకుపచ్చ ఎక్కడా లేదు. చూడగలిగిన 22 నిలువు గింజల్లో 13 స్లో, 6 ఫాస్ట్, 3 తేలలేదు. కొన్ని గింజల నడిమి భాగం లేతగా, అంచు ముదురుగా ఉంది.

మూడో ముక్క క్వార్ట్జే. చాకు జారిపోయింది, క్లీవేజ్ లేదు. ఆ లేబుల్ మార్చేశాను.

ఇండెక్స్ నూనెలతో (కాంతి వంగే గుణకం తెలిసిన నూనెలు) తేల్చవచ్చని ఒకరన్నారు. ల్యాబ్‌లో 1.60 నుంచి 1.70 దాకా సీసాలు ఉన్నాయి.

---

స్లైడ్_శీను | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మీ లెక్క చూస్తే పాతవాళ్ళు క్రాసైట్ అని ఎందుకు రాశారో అర్థమవుతోంది. 1957లో మియాషిరో ఈ క్షార యాంఫిబోల్‌లను ఆప్టిక్స్‌తో వరసపెట్టిన పద్ధతిలో చూస్తే అది క్రాసైటే.

నూనెలతో పేరు తేలదు. ఇనుము తక్కువున్న గ్లాకోఫేన్ ఇండెక్స్‌లు సుమారు 1.60, 1.65 మధ్య, ఇనుము నిండిన రీబెకైట్ 1.70 దగ్గర. మధ్యలో పెరుగుదలంతా మొత్తం ఇనుముది. అందులో ఫెర్రిక్ ఎంత, ఫెర్రస్ ఎంత అన్నది నూనెకు తెలియదు. ఇంకో సంగతి, ఆ సీసాల మీది అంకె 25 డిగ్రీల దగ్గరిది. నూనె ఇండెక్స్ డిగ్రీకి సుమారు 0.0004 పడిపోతుంది. గుంటూరు మే నెలలో ఫ్యాన్ కింద 40 డిగ్రీల గదిలో చూస్తే 0.006 తేడా. సీసా మీద దాని సొంత గుణకం ఉంటుంది, ఆ అంకెతో సరిచెయ్యండి.

---

కొండపల్లి_క్రోమైట్ | మంగళవారం, మధ్యాహ్నం 2:02

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్) కూడా అంతే. గ్లాకోఫేన్ పెద్ద పీక్ 8.26 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర, రీబెకైట్‌ది 8.40 దగ్గర. మధ్యలో పీక్ వస్తే మధ్య కూర్పు అని తెలుస్తుంది, 0.5 గీతకు ఇటా అటా అన్నది తెలియదు. ఎక్స్‌ఆర్‌డీ బిల్లు దండగ.

---

ప్రోబ్_లక్ష్మి | మంగళవారం, రాత్రి 8:30

అంచు ముదురు, నడుమ లేత అన్నారు కదా. అది జోనింగ్, ఒకే గింజలో నడుమకూ అంచుకూ కూర్పు మారడం. అంటే ఒక్క స్లైడులోనే రెండు పేర్లు ఉండే వీలుంది. ఇక ప్రోబే దిక్కు, కానీ ప్రోబ్ కూడా తానై ఫెర్రిక్ ఇనుము ఇవ్వదు. అది మొత్తం ఇనుమును మాత్రమే కొలుస్తుంది, విడదీయాల్సింది మనమే. ఈ లెక్క చాలామంది ఎక్సెల్ షీటుకు వదిలేసి పేరు కాపీ కొట్టేస్తారు కాబట్టి విప్పి చెబుతాను.

నమూనాగా ఒక కూర్పు తీసుకుందాం. ఇనుమంతా ఫెర్రస్ అనుకుని 23 ఆక్సిజన్ల మీద (22 ఆక్సిజన్, 2 హైడ్రాక్సిల్ నుంచి నీరు తీసేస్తే మిగిలేవి) లెక్కిస్తే సిలికాన్ 8.05, అల్యూమినియం 1.23, ఇనుము 2.05, మెగ్నీషియం 1.87 వచ్చాయి. సిలికాన్ 8 దాటింది చూశారా? యాంఫిబోల్‌లో దానికి ఉన్న చోట్లే ఎనిమిది. ఫెర్రిక్ ఇనుమును పట్టించుకోలేదని లెక్క అక్కడే అరుస్తోంది.

నాలుగూ కలిపితే 13.20. సోడియం యాంఫిబోల్‌లో కాల్షియం, సోడియం, పొటాషియం తప్ప మిగతావి సరిగ్గా 13 ఉండాలన్నది ఇక్కడ వాడే షరతు. 13ని 13.20తో భాగిస్తే 0.98485. దీంతో అన్నిటినీ గుణించండి: సిలికాన్ 7.928, అల్యూమినియం 1.211, ఇనుము 2.019, మెగ్నీషియం 1.842. ఆక్సిజన్ 23 కాస్తా 22.65కి దిగింది. తక్కువపడిన 0.35ని రెట్టింపు చేస్తే ఫెర్రిక్ ఇనుము 0.70. మిగిలిన ఫెర్రస్ 1.32. సిలికాన్‌కు ఎనిమిదిలో తగ్గిన 0.072 అల్యూమినియం ఇచ్చేస్తే, ఆరు బంధాల అల్యూమినియం 1.139 మిగులుతుంది.

ఇప్పుడు నిష్పత్తి: 0.70ని, 0.70 + 1.139 మొత్తం 1.84తో భాగిస్తే 0.38. 1978 ప్రకారం నిక్షేపంగా క్రాసైట్. 1997 తర్వాత 0.5 లోపు కాబట్టి గ్లాకోఫేన్ వైపు, మెగ్నీషియం 1.84, ఫెర్రస్ 1.32 కన్నా ఎక్కువ కాబట్టి "ఫెర్రో" కూడా అక్కర్లేదు. అచ్చంగా గ్లాకోఫేన్.

ఎక్కడ చెడుతుందంటే సోడియం దగ్గర. ఎలక్ట్రాన్ కిరణాన్ని ఒకే చుక్క మీద బిగిస్తే సోడియం పక్కకు జారుకుంటుంది. పదో వంతు సోడియం తక్కువ కొలిచారనుకోండి. పైన 13.20 వచ్చిన మొత్తం 13.26 అవుతుంది, ఫెర్రిక్ ఇనుము 0.89కి, నిష్పత్తి 0.44కి ఎగబాకుతుంది. పావు వంతుకు మించి పోతే 0.5 దాటి అదే గింజ మెగ్నీషియో-రీబెకైట్ అయి కూర్చుంటుంది. అందుకే కిరణాన్ని 5 నుంచి 10 మైక్రాన్ల దాకా విప్పండి, 15 కిలోవోల్ట్, 10 నానోఆంపియర్ దగ్గర ఉంచండి, సోడియాన్ని అందరికంటే ముందు లెక్కపెట్టించండి. సన్న పుల్లల మీద కిరణం విప్పితే పక్కనున్న ఆల్బైట్ కూడా తగిలి అల్యూమినియం, సోడియం రెండూ పెరుగుతాయి, అదింకో గొడవ. వెడల్పాటి గింజలే ఎంచుకోండి.

మొత్తం ఆక్సైడుల శాతం 97, 98 మధ్య రావాలి, మిగతాది నీరు. 100 వచ్చిందని సంబరపడే విశ్లేషణ యాంఫిబోల్‌ది కాదు.

ఆ తర్వాత బీ (B) స్థానంలో, అంటే చట్రంలో సోడియం, కాల్షియం కూర్చునే చోట, సోడియం 1.5 దాటిందో లేదో చూడటం మర్చిపోవద్దు. దాటకపోతే అది సోడియం యాంఫిబోల్ సమూహంలోనే లేదు, ఈ పేర్ల చర్చే అనవసరం. "ఏ" (A) అనే ఇంకో స్థానంలో సోడియం, పొటాషియం కలిపి 0.5 దాటితే ఆర్ఫ్‌వెడ్‌సొనైట్ లాంటి వేరే పేర్లు వస్తాయి.

---

ఎమ్మెస్సీ_ఫైనల్ | మంగళవారం, రాత్రి 9:14

మేడం, అయితే లెక్కలో వచ్చిన ఫెర్రిక్ ఇనుము నిజం కాదా?

---

ప్రోబ్_లక్ష్మి | మంగళవారం, రాత్రి 9:40

షరతు మీద నిలబడిన అంచనా. నిజంగా కొలవాలంటే మాస్‌బవర్ (గామా కిరణాలతో ఇనుము స్థితి చూసే పద్ధతి), లేదా తడి రసాయన టైట్రేషన్. రెండిటికీ ఖనిజాన్ని విడిగా ఏరి పొడి చెయ్యాలి, జోనింగ్ ఉంటే నడుమ, అంచు కలిసిపోయి సగటు వస్తుంది. గీతకు దగ్గరగా 0.45, 0.55 మధ్య వస్తే నేనైతే పేరు పక్కన ఆ నిష్పత్తి కూడా రాస్తాను.

---

పెట్రో_పంతులు | బుధవారం, ఉదయం 7:50

లక్ష్మి గారు చెప్పినదానితోనే నా వాదన బలపడింది. మైక్రోస్కోప్ కింద ఒకే తీరుగా కనిపించే ఖనిజాన్ని, అంచనా అంకె ఒకటి 0.48 నుంచి 0.52కి జరిగిందని పేరు మార్చి పిలవడం స్లైడు వర్ణన రాసేవాడికి చిరాకే. అందుకే పెట్రాలజీ వాళ్ళ రాతల్లో క్రాసైట్ మాట ఇంకా చావలేదు. 1977లో బ్రౌన్ కాల్షియం యాంఫిబోల్‌లోని "క్రాసైట్ అంశం" పెట్టి ఒత్తిడి అంచనా వేసే పద్ధతి ప్రచురించాడు, ఆ పదబంధం ఇప్పటికీ ఉటంకింపుల్లో తగులుతుంది. అక్కడ అది ఖనిజం పేరు కాదు, బీ స్థానంలో సోడియం ఎంతుందో చెప్పే కొలత.

---

కొండపల్లి_క్రోమైట్ | బుధవారం, ఉదయం 9:05

నేను ఒప్పుకోను పంతులు గారూ. స్లైడు వర్ణనలో "క్రాసైట్" అని రాస్తే కొత్తగా చదివేవాడు దాన్ని జాతి పేరు అనుకుని డేటాబేస్‌లో ఎక్కిస్తాడు. విశ్లేషణ లేనప్పుడు "సోడియం యాంఫిబోల్, గ్లాకోఫేన్-రీబెకైట్ వరుస" అంటే సరిపోయె. నాలుగు మాటలు ఎక్కువైతే ఏం పోయింది?

---

పెట్రో_పంతులు | బుధవారం, ఉదయం 9:31

కేటలాగుకు మీ మాటే సరే. ప్రచురించే పేపర్‌కూ సరే. క్లాసులో స్లైడు చూపిస్తూ "ఇది పాత క్రాసైట్ ఆప్టిక్స్" అనడం మాత్రం మానను. పిల్లలకు ఒక్క మాటతో స్లో, ఫాస్ట్ కలగలుపు గుర్తుండిపోతుంది.

---

బెజవాడ_రత్నాలు (విజయవాడ) | బుధవారం, మధ్యాహ్నం 12:20

రాళ్ళ వ్యాపారం వైపు నుంచి ఒక మాట. బజార్లో కొందరు క్రాసైట్, క్రోసిడొలైట్ రెండూ ఒకటే అనుకుంటున్నారు. కాదు. క్రోసిడొలైట్ అంటే పీచుగా పెరిగిన రీబెకైట్, అదే నీలం ఆస్బెస్టాస్. నియంత్రణలో ఉన్న ఆరు ఆస్బెస్టాస్ రకాల్లో అదొకటి. క్రాసైట్ అన్నది కూర్పుకు పేరు, మామూలుగా పుల్లల్లా వస్తుంది, పీచు కాదు.

టైగర్ ఐ, హాక్ ఐ రాళ్ళలో మెరిసే గీతలు క్రోసిడొలైట్ నుంచి వచ్చినవే, క్వార్ట్జ్‌లో బంధించి ఉంటాయి. ఇనుము ఆక్సీకరణ చెందితే బంగారు రంగు టైగర్ ఐ, చెందకపోతే నీలం హాక్ ఐ. ఉంగరంలో పొదిగిన రాయి పెట్టుకుంటే భయం లేదు. ముడిరాయిని పొడిగా కోసి, సానపట్టే వాడికే ప్రమాదం. రంపం మీద నీళ్ళు ఆగకుండా పారాలి, ఆ బురద ఎండనివ్వకూడదు. గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు, సన్నటి ధూళిని ఆపే పీ100 ఫిల్టరు ఉన్నది కావాలి.

---

పెట్రో_పంతులు | బుధవారం, మధ్యాహ్నం 1:10

ఇప్పుడు ఆ రెండో ముక్క. దూదిలా పీచు లేచే నీలం బూడిద రంగు అన్నారు కాబట్టి, కాదని రుజువయ్యేదాకా క్రోసిడొలైట్ అనే చూడండి. పులివెందుల వైపు దొరికే తెల్ల ఆస్బెస్టాస్ క్రిసొటైల్, సర్పెంటైన్ కుటుంబం, దాన్ని చూసిన అలవాటుతో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1960లో వాగ్నర్ బృందం దక్షిణాఫ్రికా నార్త్ వెస్ట్ కేప్ నుంచి 33 మెసోథీలియోమా (ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్) కేసులు ప్రచురించింది, ఆ ప్రాంతపు ఆస్బెస్టాస్ క్రోసిడొలైటే. ఆస్ట్రేలియాలో విటెనూమ్ క్రోసిడొలైట్ గని 1966లో మూతపడింది, జబ్బులు మాత్రం దశాబ్దాల తర్వాత కూడా బయటపడుతూ వచ్చాయి.

చెయ్యాల్సింది: ముక్క మీద నీళ్ళు చిలకరించి తడిపి, మందపాటి జిప్ కవర్లో, దాని మీద ఇంకో కవర్లో పెట్టండి. బయట "నీలం ఆస్బెస్టాస్ అని అనుమానం, తెరవొద్దు" అని తెలుగులో రాయండి, అటెండర్లకు అర్థమయ్యేట్టు. ట్రేను చీపురుతో ఊడవకండి, బ్రష్ వద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడా కవర్లో వెయ్యండి. గుర్తింపు పేరుతో దాన్ని నూరడం, కోయడం అసలే వద్దు. పారెయ్యాలనుకుంటే మున్సిపాలిటీ బండిలో కాదు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే.

---

లేబుల్_లెక్కలు | బుధవారం, సాయంత్రం 5:25

కవర్లో పెట్టేశాం, ట్రే తడిగుడ్డతో తుడిచాం. ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా కూడా ఇచ్చాను.

మొదటి ముక్కకు కేటలాగు రాత ఇలా అనుకుంటున్నాను, చూసి చెప్పండి:

"ఖనిజం: సోడియం యాంఫిబోల్, గ్లాకోఫేన్-రీబెకైట్ వరుస. అసలు లేబుల్: క్రాసైట్ షిస్ట్. ప్రదేశం: బర్క్లీ, కాలిఫోర్నియా. ఆధారం: స్లైడు ఆప్టిక్స్ మాత్రమే, విశ్లేషణ లేదు."

పాత లేబుల్ తీసేసి కొత్తది అంటించమంటున్నారు ఆఫీసులో.

---

ప్రోబ్_లక్ష్మి | బుధవారం, సాయంత్రం 6:10

పాత లేబుల్ తియ్యవద్దు! కొత్తది పక్కన పెట్టండి. పాత చేతిరాత, నంబరు, కాగితం అన్నీ ఆ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యాలు. ఇంకో గడి చేర్చండి, "పేరు నిర్ణయించిన నామకరణ సంవత్సరం" అని. తర్వాత ఎవరైనా ప్రోబ్ చేస్తే 2012 అని వేసి పేరు మారుస్తారు. జోనింగ్ సంగతి కూడా రాయండి: నడుమ లేత, అంచు ముదురు. ప్రోబ్ చేసేవాడు చుక్కలు ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

---

స్లైడ్_శీను | బుధవారం, రాత్రి 7:35

ప్రోబ్‌కి పంపే ఉద్దేశం ఉంటే పాత స్లైడు పనికిరాదు, దాని మీద కవర్ గ్లాసు, కెనడా బాల్సమ్ జిగురు ఉంటాయి. దాన్ని విప్పబోయి పాడుచేసుకోవద్దు. ముక్క మూల నుంచి పుల్లల వాలుకు నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి చిప్పలు కోయించండి, 27కి 46 మిల్లీమీటర్ల గాజు మీద ఎపాక్సీతో అతికించాలి. కార్బోరండం 220, 400, 600, 1000 దాకా అరగదీసి, మందం 30 మైక్రాన్లకు వచ్చిందో లేదో ఆల్బైట్ బూడిద తెలుపు చూసి తెలుసుకోవాలి (ఇది ప్రోబ్‌కు కాబట్టి ముందు చెప్పిన 20 అక్కర్లేదు). ఆ తర్వాత వజ్రపు పేస్టు 6, 3, 1 మైక్రాన్. కవర్ గ్లాసు వెయ్యకూడదు. యాంఫిబోల్ గట్టిది, పక్కనున్న మైకా మెత్తది, 3 మైక్రాన్ల దగ్గర తొందరపడితే మైకా గుంటలు పడి యాంఫిబోల్ అంచులు గుండ్రమవుతాయి. మీకు కావాల్సిన ముదురు అంచు అక్కడే ఉంది మరి. 6 దగ్గర గీతలు పూర్తిగా పోయేదాకా 3కి వెళ్ళనివ్వకండి.

ఎండాకాలంలో ఎపాక్సీ త్వరగా గట్టిపడుతుంది, బుడగలు లోపలే చిక్కుకుంటాయి. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు అతికించమనండి.

---

లేబుల్_లెక్కలు | గురువారం, ఉదయం 10:05

పాత లేబుల్ అలాగే ఉంచుతున్నాం, సంవత్సరం గడి చేర్చాం, జోనింగ్ సంగతి రాశాం. కోత ఎక్కడ పడాలో మూల మీద తెల్ల పెయింటుతో గీత పెట్టాను, పుల్లల వాలు దిశకు బాణం గుర్తు కూడా. శీను గారూ, రెండు చిప్పలకూ ఒకే నంబరు వేసి నిలువు, అడ్డం అని రాస్తే చాలా?

---

స్లైడ్_శీను | గురువారం, ఉదయం 10:22

చాలు. నంబరు గాజు వెనక వజ్రపు పెన్సిల్‌తో గీయించండి, మార్కర్‌తో రాస్తే అసిటోన్ తుడుపులో పోతుంది.